పదహారడుగుల పంతం

ఆమెకు ఒక పేరుండేది. బడి రిజిస్టరులోనూ కరెంటు బిల్లు మీదా తప్ప మరెక్కడా దానికి వినియోగం లేకుండా పోయి చాలాకాలమైంది. సరస్సు వైపు దిగే వీధిలో మూడో దుకాణం ఆమెది. వీధి మొత్తానికి ఆమె కొలతలమ్మ. మెడలో పసుపుపచ్చని టేపు, జేబులో సుద్దబిళ్ళ లేకుండా ఆమెను చూసినవారు ఈ ఇరవై రెండేళ్ళలో లేరు. లాగు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషినీ ఆమె రెండుసార్లు కొలిచేది. ఒకసారి నిలబెట్టి, మరొకసారి స్టూలు మీద కూర్చోబెట్టి.

"ఊపిరి బిగబట్టి ఇచ్చిన కొలత అబద్ధం సార్. కూర్చోండి. ఊపిరి వదలండి. ఆఁ, ఇప్పుడు నిజం చెప్పారు" అనేది నడుము చుట్టూ టేపు తిప్పుతూ. ఎంతటి అధికారులైనా ఆ మాటకు నవ్వి, పొట్ట వదిలేసేవారు.

అటువంటి మనిషి మోటారు పడవ కొంటానన్నప్పుడు ఇంట్లో చాలామంది నవ్వలేదు. కారణం అటువంటిది. అత్తగారి అక్క సరస్సుకు ఆవలి ఒడ్డున ఉంటుంది. రోడ్డు మీద చుట్టి వెళితే రెండున్నర గంటల ప్రయాణం; అత్తగారి మోకాళ్ళు అరగంటకు మించి మడత ఒప్పుకోవు. ప్రయాణికుల లాంచీ ఆగిపోయి నాలుగేళ్ళయింది. నీటి మీద సూటిగా వెళితే ఇరవై నిమిషాలు. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఫోనులో ఒకరి దగ్గు ఒకరు విని ఆరోగ్యం అంచనా వేసుకునే దశకు వచ్చారు.

నవ్వినవాడు ఒక్కడే, మరిది. టైర్ల వ్యాపారి. ఏ యంత్రం గురించి మాట వచ్చినా దాని కంటె పెద్దది ఒకటి ఉందని చెప్పకుండా ఉండలేడు కనుక పిల్లలు అతనికి టర్బో బాబాయ్ అని పేరు పెట్టారు. ఆ పేరు అతనికి కోపం తెప్పించకపోగా కిరీటంలా అమరింది.

"పడవా? నువ్వా? సరే వదినా, ఇంక ఆ విషయం నాకు వదిలెయ్. ఇరవై ఒక్క అడుగులు, నూట యాభై గుర్రాల ఇంజను. నేను చూసుకుంటాను."

ఆ చివరి మాటే కొలతలమ్మ గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. ఆరేళ్ళ క్రితం కారు కొన్నప్పుడూ అతడు అదే మాట అన్నాడు. ఎనిమిది సీట్ల కారు ఎంచి తెచ్చాడు. తీరా అది ఇంటి ముందు సందులో పట్టలేదు. ఒకవైపు అద్దం గోడకు గీసుకుంటే రెండోవైపు అద్దం కరెంటు స్తంభానికి గీసుకుంది. విశాలమైన ఆవరణ ఉంది కదా అని మరిది ఇంట్లో పెట్టారు. కారు అక్కడ, తాళం అక్కడ, నడిపేది అతడు. సొంత కారులో ఆసుపత్రికి వెళ్ళడానికి కొలతలమ్మ ముందురోజు ఫోను చేసి, "ఖాళీగా ఉందా బాబూ?" అని అడగవలసి వచ్చేది. కారు ఎవరి కుట్టుమిషను కష్టంతో వచ్చిందో అందరికీ తెలుసు. అయినా అడగవలసింది ఆమే.

అందుచేత ఆమె మనసులో ఒక నియమం స్థిరపడింది. తాను ఒక్కతే విప్పి, తిప్పి, తిరిగి తెచ్చి కట్టగలిగితేనే అది ఇంటి పడవ. అలా కానిది మరిది పడవ. అందులో తాము అతిథులు. ఎన్ని అడుగులు, ఎన్ని గుర్రాలు అన్న ప్రశ్నలో దాగి ఉన్న అసలు ప్రశ్న ఇదేనని ఆమెకు తప్ప ఎవరికీ తోచలేదు.

సెలవు రోజు పొద్దున్నే దుకాణంలో బల్లలు గోడకు జరిపి, సుద్దబిళ్ళతో నేల మీద పడవ గీసింది. పద్నాలుగు అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. ముందు భాగం ఇస్త్రీపెట్టె మొనలా కూచిగా. తరువాత కుటుంబాన్నంతా పిలిచి అందులో కూర్చోబెట్టింది. ముందు ఇద్దరు కూతుళ్ళు, మధ్యలో కాళ్ళు చాపుకుని అత్తగారు, ఆమె పక్కన సంచీ పట్టుకుని భర్త. భర్త గడియారాలు బాగుచేస్తాడు. లోకాన్ని ఒంటికంటి భూతద్దంలోంచి చూసి చూసి, అడిగితే తప్ప మాట్లాడని అలవాటు పడినవాడు.

"ఏమిటే ఇది, నన్ను సుద్దగీతలో కూర్చోబెట్టావు? దాటితే మునిగిపోతానా?" అంది అత్తగారు.

"మునగరు గానీ, కాలు కొంచెం ఇటు. అంతే. తగులుతోందా ఎక్కడైనా?"

"గాలి తగులుతోంది."

పెద్దకూతురు పకపకా నవ్వింది. చిన్నది సుద్దగీత బయట చెయ్యి ఊపుతూ చేపలు పట్టింది. కొలతలమ్మ వెనుక స్టూలు మీద కూర్చుని, లేచి, అత్తగారి కాళ్ళు దాటుకుంటూ ముందుకు నడిచి, లేని తాడును లేని గుంజకు కట్టింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. పదకొండు అడుగులు వేసింది, ఎవరినీ లేవమనలేదు. మూడడుగులతో ముల్లోకాలు కొలిచిన వామనుడి సంతృప్తి ఎటువంటిదో గాని, ఆ క్షణాన ఆమె ముఖంలో కనిపించినది దానికి తీసిపోయేది కాదు.

సరిగా అప్పుడే గుమ్మంలో మరిది నిలబడ్డాడు.

"ఇది పడవా వదినా, స్నానాల తొట్టా?"

"నీకు ఇందులో చోటుంది టర్బో. రా, ఆ మూల కూర్చో."

"నాకు మూల చోటా!" అన్నాడతడు, నవ్వాలో అలగాలో తేల్చుకోలేక.

ఆ మధ్యాహ్నమే అందరూ పడవల దుకాణానికి వెళ్ళారు. రేవుకు ఆనుకుని పెద్ద రేకుల షెడ్డు. లోపల రంగు వాసన, రబ్బరు వాసన. దిమ్మెల మీద వరుసగా పడవలు. దుకాణదారు నలభై దాటిన మనిషి, మాటలో తేనె ఉంది. లోపలికి వస్తూనే మరిదిని చూసి ఇంటి పెద్ద అతడేనని నిర్ణయించుకుని, ఇరవై ఒక్క అడుగుల పడవ దగ్గరికి తీసుకువెళ్ళి వర్ణన అందుకున్నాడు. ఎంతమంది ఎక్కినా మరొకరికి చోటుండే పుష్పకవిమానం ఇహలోకంలో ఎక్కడైనా ఉంటే అది ఆ షెడ్డులోనే ఉందని వినేవారికి నమ్మకం కలిగింది.

కొలతలమ్మ ఆ వర్ణన పూర్తికానిచ్చింది. తరువాత అడిగింది. "దీన్ని రేవుకు తెచ్చి కట్టడానికి ఎంతమంది కావాలండీ?"

"మామూలుగా ఇద్దరుంటారండీ. ఒకరు స్టీరింగు దగ్గర, ఒకరు తాడు దగ్గర."

"ఒక్కరే ఉంటే?"

"గాలి లేకపోతే... అలవాటున్నవాళ్ళయితే..." అని ఆయన మరిది వైపు చూశాడు.

"అలవాటున్నవాళ్ళ సంగతి కాదు. నా సంగతి అడుగుతున్నాను."

ఆమె మెడలోంచి టేపు తీసి పద్నాలుగు అడుగుల పడవ దగ్గరికి నడిచింది. "అత్తయ్యా, ఎక్కండి. ఇంట్లో కూర్చున్నట్టే కూర్చోండి."

ఇద్దరు పట్టుకుంటే అత్తగారు నిచ్చెనమెట్లు ఎక్కి కూర్చుంది, కాళ్ళు చాపబోయింది. చాపలేకపోయింది. మోకాళ్ళు ముందు బెంచీకి తగిలాయి. ఆమె మొహం నొప్పితో ముడుచుకుపోయింది. ఆ పక్కన భర్త కూర్చుంటే మోచేయి పెట్టడానికి చోటు లేదు. చిన్నకూతురు కూర్చుని చేపలు పట్టిన జాగాలో పెట్రోలు డబ్బా ఉంది.

కొలతలమ్మకు అర్థమై, చెవులు వేడెక్కాయి. దుకాణం వాళ్ళ ధరల కాగితం మీద రాసిన పద్నాలుగు అడుగులు పడవకు బయటి కొలత. ముందు మొన, వెనుక ఇంజను కూర్చునే గూడు, రెండువైపులా గట్ల మందం అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. నేల మీద ఆమె గీసినదంతా లోపలి చోటనుకుని గీసింది. కుట్టులోకి పోయే బట్ట వదలలేదని పనివాళ్ళను ఎన్నివేల సార్లు తిట్టిందో లెక్కలేదు. ఆ తప్పే ఇప్పుడు తాను చేసింది.

మరిది సంగతి పసిగట్టాడు. పడవ అంచు పట్టుకుని, కడుపు పట్టుకుని, తరువాత అన్నగారి భుజం పట్టుకుని నవ్వాడు. "కుట్టులోకి పోయేది మర్చిపోయింది! కొలతలమ్మే మర్చిపోయింది! అన్నయ్యా, ఈరోజు తారీఖు రాసి పెట్టుకో!"

"మర్చిపోయాను" అంది ఆమె. "తప్పు నాదే. ఇంకోసారి కొలుస్తాను."

"కొలవడమెందుకు? నేను చెప్పిందే కరెక్టని తేలిపోయిందిగా. ఇరవై ఒకటి రాయించు."

"నా కొలత తప్పింది రెండడుగులు, ఏడడుగులు కాదు."

ఆమె పదహారడుగుల పడవలోకి తానే ఎక్కింది. ఈసారి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు టేపు పట్టింది. బెంచీకీ బెంచీకీ మధ్య కొలిచింది. నిలబడి కొలిచినవన్నీ కూర్చుని మళ్ళీ కొలిచింది. దుకాణదారు చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పడవను కొత్త కోటులా కొలిచేవారిని అతడు అంతకుముందు చూసి ఉండడు. అత్తగారిని మళ్ళీ ఎక్కించి కూర్చోబెట్టారు. కాళ్ళు చాపితే బెంచీకీ బొటనవేలికీ మధ్య బెత్తెడు మిగిలింది.

"నొప్పిగా ఉందా?"

"ఇదేదో బాగానే ఉంది. ఇందాకటిదాన్లో ఎందుకు పెట్టావే నన్ను?"

"బుద్ధి తక్కువై అత్తయ్యా."

పడవ వెనుక గోడకు ఒక చిన్న రేకు బిగించి ఉంది. ఆరుగురు మనుషులు, మొత్తం బరువు ఇంత, ఇంజను అరవై హార్స్‌పవర్‌కు మించరాదు. కొలతలమ్మ దాన్ని వేలితో తడుముతూ చదివింది.

"ఈ ఆరుగురు ఎవరండీ?"

"ఎవరైనా సరేనండీ, ఆరుగురు."

"ఎవరైనా అంటే కుదరదు. మా మరిది ఒక్కడే ఒకటిన్నర. బరువు ముందు చూద్దాం."

షెడ్డు మూల సామాన్లు తూచే కాటా ఉంది. ఒక్కొక్కరినే దాని మీద నిలబెట్టింది. అత్తగారు మాత్రం అంకె చూసేవారందరూ గోడ వైపు తిరిగితే గాని ఎక్కనంది. కొలతలమ్మ ఒక్కతే చూసి, ఎవరికీ చెప్పకుండా మొత్తంలో కలిపింది. సంచులతో సహా, రేకు మీది హద్దుకు లోపలే వచ్చింది. పడవ పొడవు అక్కడితో తేలింది.

ఇంజను దగ్గర మళ్ళీ మొదలైంది. ఆమెకు ముప్ఫై చాలనిపించింది. చిన్నదైతే బరువు తక్కువ, శబ్దం తక్కువ, తన చేతికి లొంగుతుంది. మరిదికి అరవై చాలలేదు.

"ఆ రేకుదేముంది వదినా, స్క్రూలు తీస్తే ఊడుతుంది. డెబ్బై అయిదు పెట్టిద్దాం. రేపు పొద్దున ఎవడైనా మనల్ని దాటుకుని వెళ్ళిపోతే?"

"వెళ్ళనీ. వాడికి పనుందేమో."

దుకాణదారు మధ్యేమార్గంగా, నీళ్ళలో ఉన్న పడవ చూపిస్తానన్నాడు. రేవులో అదే పదహారడుగుల పడవలు రెండున్నాయి. ఒకదానికి ముప్ఫై, రెండోదానికి యాభై. ముప్ఫై ఇంజనున్న పడవలో కొలతలమ్మ భర్తను ఎక్కించుకుని దుకాణదారు ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. పడవ నీటి మీద గాజుపలక మీద చెయ్యి జారినట్టు జారింది. భర్త కళ్ళు మెరిశాయి.

"చూశారా అమ్మా, మీ మాటే నెగ్గింది. ముప్ఫైకే ఎలా ఎగిరిందో!" అన్నాడు దుకాణదారు.

తన మాట నెగ్గినందుకు ఆమె పొంగిపోలేదు. "బొమ్మకు తొడిగి చూపిస్తే ఏ చొక్కా అయినా బాగుంటుందండీ. మేమంతా ఎక్కుతాం. సంచుల బదులు ఆ నీళ్ళ డబ్బాలు కూడా పెట్టండి. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చుని చెప్పండి."

"అందరూనా?"

"పడవ కొనేది అందరి కోసమే కదా."

కూతుళ్ళు, అత్తగారు, భర్త, ఆమె. ఆరో చోటు దుకాణదారుకు వదిలి తాను ఒడ్డున నిలిచిపోతానన్న మరిదిని ఆమే చెయ్యి పట్టి లాగి ఎక్కించింది. అతని బరువు లేకపోతే పరీక్ష పరీక్ష కాదని ఆమె ఉద్దేశం. అతనితో ఆరుగురూ నిండారు. దుకాణదారు ఎలా నడపాలో రేవులోనే ఆమెకు చూపించి, రెండో పడవలో వెంట వచ్చాడు.

రేవు దాటి వేగం పెంచింది. ఇంజను గొంతు చించుకుంది. పడవ ముక్కు లేచింది, ఇంకా లేచింది, దిగలేదు. వెనుక భాగం నీటిలో కూరుకుపోయి, దున్నుకుంటూ పోయింది. ఎదుట ఆకాశం తప్ప కొలతలమ్మకు ఏమీ కనబడలేదు.

"ఏమిటే, ఈ పడవ మేఘాలు చూస్తోంది!" అని అరిచింది అత్తగారు.

"బరువుకు వెనుక భాగం లేవట్లేదమ్మా! ఇక లేవదు!" అని పక్క పడవలోంచి దుకాణదారు కేకేశాడు.

ఆమె వేగం తగ్గించింది. ముక్కు దిగింది. ఒకే రోజున రెండోసారి ఆమె లెక్క తప్పింది. ఈసారి మరిది నవ్వలేదు, జాలిగా చూశాడు. నవ్వు కంటె ఆ జాలి ఆమెకు పదింతలు ఎక్కువ మండింది.

"పర్లేదు వదినా. ఇవన్నీ మగవాళ్ళ లెక్కలు. చెప్పాను కదా, నాకు వదిలెయ్ అని."

"ముప్ఫై చాలదు. ఒప్పుకున్నాను. ఒప్పుకోవడానికే ఎక్కాను. నువ్వు ఒడ్డున నిలబడి చెప్పిన నూట యాభై ఏ నీళ్ళలో తేల్చి చూశావ్?"

అతడు వంగి నీళ్ళ డబ్బాను కాళ్ళ మధ్య సర్దుకున్నాడు.

రేవుకు వచ్చి యాభై ఇంజనున్న పడవలోకి అందరూ మారారు. అదే బరువు, అవే డబ్బాలు, అదే కూర్పు. వేగం పెంచగానే ముక్కు లేచింది; ఆమె మనసులో అంకెలు లెక్కపెట్టింది; ఆరు అనేలోపల పడవ పురి విప్పినట్టు తేలికై, ముక్కు దించి, నీటిపైకి వచ్చి సమంగా నిలిచింది. ఆవలి ఒడ్డు కనిపించింది. ఆమె వేగం కొంచెం తగ్గించింది, అయినా పడవ కూలబడలేదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది. అత్తగారి చేతిసంచీ కదలలేదు.

"అరవై పెట్టుకోవచ్చు కదండీ, రేకు మీద ఉంది" అన్నాడు దుకాణదారు, షెడ్డులో కాగితాలు ముందు పెట్టుకుని.

"అదే కదా నేననేది!" అన్నాడు మరిది.

"అరవై అన్నది దాటకూడని హద్దండీ. అక్కడిదాకా వెళ్ళి తీరాలన్న ఆజ్ఞ కాదు. మా బరువుకు యాభై లేపింది. ఇంక ఆ పైన పెట్టేది ఎవరికోసం?"

అప్పుడు, ఎవరూ అడగకుండానే, భర్త మాట్లాడాడు. "గోడ గడియారం స్ప్రింగు తెచ్చి చేతి గడియారంలో పెడితే టైము ముందుకు పోదురా. గడియారం పోతుంది."

మరిది అన్నగారిని తొలిసారి చూస్తున్నట్టు చూశాడు. కాగితం మీద పదహారు, యాభై అని రాసి కొలతలమ్మ సంతకం పెట్టింది.

పడవ తయారై వచ్చేలోగా పడిన నాలుగు వారాలూ తెల్లవారగానే ఆమె రేవుకు వెళ్ళేది. ముప్ఫై ఏళ్ళు లాంచీ నడిపిన ముసలి సరంగు, దుకాణదారు పాత పడవలో ఆమెకు పని నేర్పాడు. మొదటి వారం రేవుకు కట్టిన పాత టైర్లను ఆమె ఎన్నిసార్లు గుద్దిందంటే, "అమ్మా, మీకు వాటి మీదేమైనా పగా?" అని అడిగాడు. "మా మరిది అమ్మేవి టైర్లే" అందామె. మూడో వారానికి గుద్దడం తగ్గింది. నాలుగో వారంలో పక్కగాలి వీస్తున్న ఒక పొద్దున, ఆయన ఒడ్డునే కూర్చుని, ఒక్కమాటా చెప్పకుండా ఆమె చేత ఆరుసార్లు కట్టించి విప్పించాడు. నడిపే పరీక్ష కూడా పాసైంది. పరీక్ష సంగతి ఇంట్లో అందరికీ చెప్పింది. మరిది విని, "మంచిదే, తెలిసుంటే మంచిదే" అన్నాడు, అవసరం లేని విద్యను మెచ్చుకునే పెద్దమనిషి ధోరణిలో.

పడవ నీటిలో దించిన రోజు కుటుంబమంతా రేవుకు చేరింది. తెల్లని పడవ, అంచున నీలిగీత. ఆవలి ఒడ్డున అత్తగారి అక్క పొద్దుటి నుంచీ కుర్చీ వేసుకుని కూర్చుందని ఫోను వచ్చింది. కొలతలమ్మ తాళం పెట్టి, పెట్రోలు చూసి, అత్తగారిని ఎక్కించడానికి రేవు మీదికి వచ్చింది. అత్తగారు కూర్చుని కాళ్ళు చాపుకునేసరికి స్టీరింగు ముందు సీటులో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని మరిది కూర్చుని ఉన్నాడు. కారులో ఆరేళ్ళుగా అతడే కూర్చున్నాడు. అందరి కళ్ళకూ అది అలవాటైన దృశ్యం.

"ఎక్కండి, ఎక్కండి. వదినా, ఆ తాడు విప్పు."

అందరూ ఎక్కాక ఆమె తాడు విప్పి, చేతిలో చుట్ట చుట్టుకుని, పడవలోకి దిగి నిలబడింది. అతడు తాళం తిప్పాడు. ఇంజను గురగురమంది గాని అంటుకోలేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ. పడవ మెల్లగా రేవు నుంచి విడిపోతోంది.

"చూశారా! చూశారా! కొత్తదే ఇలా ఉంది. నేను అరవై అన్నాను. నా మాట విన్నారా?"

"ఇంజను బాగానే ఉంది" అంది కొలతలమ్మ.

"బాగుంటే అంటుకోదేం?"

ఆమె ఎడమచేయి ఎత్తింది. మణికట్టుకు ఒక ఎర్రని మెలికల తీగ కట్టి ఉంది. దాని రెండో కొసన చిన్న ప్లాస్టిక్ క్లిప్పు వేలాడుతోంది. నడిపే మనిషి నీళ్ళలో పడిపోతే ఇంజను ఆగిపోవడానికి ఉన్న ఏర్పాటు అది. ఆ క్లిప్పు స్టీరింగు పక్కన దాని గాడిలో కూర్చుంటే గాని ఇంజను పలకదు.

"ఇది నడిపేవాళ్ళ చేతికి ఉండాలి."

"ఓ, అదా! ఇటివ్వు మరి" అని అతడు చెయ్యి చాపాడు.

"ఇవ్వను."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. పడవ గాలికి మరో నాలుగడుగులు జరిగింది. కూతుళ్ళు రేవు పక్కన నీళ్ళలోంచి పైకి తేలిన రాళ్ళ వైపు చూశారు. భర్త సంచీని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఏంటి వదినా, ఇంతమందిలో! మొదటిరోజు, నీళ్ళు, గాలి. ఏదైనా అయితే?"

"గాలి ఉంది కాబట్టే తొందరగా లే. ఇంకొంచెం ఆగితే ఆ రాళ్ళ మీదికి పోతాం. నేర్చుకున్నది నేను, పరీక్ష రాసింది నేను. నీకు ఎడమ చేతి వైపు చోటుంది. బరువు అక్కడ కావాలి కూడా."

"అమ్మా, నువ్వైనా చెప్పు!" అన్నాడతడు తల్లి వైపు తిరిగి.

అత్తగారు రాళ్ళ వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "నేనేం చెప్పనురా? తీగ దాని చేతికుంది. లే, మా అక్క ఎండలో కూర్చుంది."

అతడు లేచాడు. నల్లకళ్ళద్దాలు తీసి చేత పట్టుకుని, అందరి కాళ్ళూ దాటుకుంటూ వెళ్ళి ఎడమవైపు కూర్చున్నాడు. పడవ కొంచెం ఊగి, సమంగా నిలిచింది. కొలతలమ్మ కూర్చుని, క్లిప్పును గాడిలో నొక్కి, తాళం తిప్పింది. మొదటిసారికే ఇంజను అంటుకుంది. రాళ్ళు ఇంకా రెండు బారల దూరంలో ఉండగా ఆమె వెనక్కి తీసి, తిప్పి, ముక్కును ఆవలి ఒడ్డుకు సూటిగా పెట్టింది.

"అందరూ పట్టుకోండి. టర్బో, నువ్వు కూడా."

అతడు అంచును రెండుచేతులతోనూ పట్టుకున్నాడు.